సంతనాటి సైకిలు

జీపులోంచి నన్ను దించేసిన రోజు సోమవారం. పొద్దున్నే సన్నటి తుంపర పడుతోంది. మా ఊరి నుంచి అరకుకి తొమ్మిది కిలోమీటర్లు. అందులో ఆరు దాటాక, రోడ్డు పక్కన ఒక కారు బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. దాని పక్కన నలుగురు టూరిస్టులు చేతులు ఊపారు. జీపు ఆగింది. నడిపేవాడు మా ఊరివాడే, వరసకి నాకు తమ్ముడు, నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తాడు. వెనక్కి తిరిగి నన్నూ, నా పక్కనున్న ముసలాయన్నీ చూశాడు.

"అప్పా, కూసింత దిగు. తాతా, నువ్వూ దిగు. మీరైతే నడిసొచ్చీగలరు. ఆళ్ళు నడవనేరు పాపం."

ముసలాయన దిగిపోయాడు. ఆయన దిగాక నేనూ దిగాను. దిగినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. నా చోట్లో కూర్చున్న అమ్మాయి కిటికీలోంచి "థాంక్యూ ఆంటీ" అంది. ఆమె చేతి గోళ్ళకి నీలం రంగు ఉంది. ఆ రంగు కూడా నాకు గుర్తుంది.

అప్పటికి నేను అరకులో ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే పనిలో ఉన్నాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఎనిమిదిన్నరకల్లా ఆసుపత్రి ఆవరణలో నిలబడి ఫోనుకి ముఖం చూపించాలి. ఆ నిమిషం దాటితే ఫోనులో ఎర్ర గీత పడుతుంది. ఆ రోజు నాకు ఎర్ర గీత పడింది. ఆఫీసు సూపరింటెండెంటు కింది ఊళ్ళ నుంచి వచ్చినాయన. నన్ను తన గదిలోకి పిలిచి, తడిసిన నా చీర అంచు వైపు చూస్తూ అడిగాడు.

"ఏమ్మా, మీ కొండల్లో గడియారాలుండవా?"

"జీపు వాడు మధ్యలో దించేశాడండి."

"అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఇది మొదటి మెమో. మూడోది వచ్చిందంటే నా చేతుల్లో ఉండదు, పైకి వెళ్ళిపోతుంది. నీ చోటు కోసం ఇరవై మంది తిరుగుతున్నారు. తెలుసుగా?"

తెలుసు. మా ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు. మా అమ్మాయి విశాఖలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఆ చదువు ఈ చీటీల మీదే నడుస్తోంది. ఇవన్నీ తెలిసినా ఆ రోజు నాకు భయం వేయలేదు. ఆ ఏడాది నాకు దేనికీ ఏమీ అనిపించేది కాదు. అన్నం తింటే తిన్నట్టు ఉండేది కాదు. చలి వేస్తే, చలి వేస్తోందని తెలిసేది, అంతే. మాటలు మాత్రం తగిలేవి. ఎవరు ఏమన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో చెప్పగలను. పోయినవాడి ముఖం గుర్తు చేసుకుందామంటే సరిగా వచ్చేది కాదు. "మీరైతే నడిసొచ్చీగలరు" అన్నవాడి ముఖం మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చేది.

ఇక ఆ జీపెక్కకూడదు అనుకున్నాను. పొద్దున్న ఎనిమిదిన్నరలోపు మమ్మల్ని అరకు చేర్చే బండి అదొక్కటే. తెలిసే అనుకున్నాను. నడవనూ కూడదు అనుకున్నాను. నడిచి వెళితే వాడి మాట నిజం చేసినట్టవుతుంది.

మా ఇంటి చూరు కింద ఒక సైకిలు ఉంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా బడిలో ఇచ్చారు. మా ఊరి దారికి సైకిలు పనికిరాదు. ఎక్కేటప్పుడు తోయాలి, దిగేటప్పుడు పట్టుకుని ఆపాలి. ఆ బడి నుంచి మా ఊరికి నాలుగు సైకిళ్ళొస్తే నాలుగూ చూరు కిందకే పోయాయి. మా దాని హ్యాండిల్ మీద కోళ్ళు పడుకునేవి. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

"నీకు సైకిలు రాదు కదే అమ్మా."

"నేర్చుకుంటాను."

"పడిపోతావు."

"పడతాను."

"చైనులో చీర కుచ్చిళ్ళు పడతాయి, నా పాత చుడీదార్లు పెట్టెలో ఉన్నాయి, వేసుకో" అంది. ఆ ఏడాది నాతో మంచి మాట అన్న మనుషుల్లో ఆమె ఒకతె. అలాంటివాళ్ళు ఎక్కువ మంది లేరు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం సైకిలు తోసుకుంటూ అరకు తీసుకెళ్ళాను. బజారులో సైకిళ్ళు బాగుచేసే దుకాణాయన మా తాతల కాలంలో కింద నుంచి వచ్చిన షావుకార్ల కుటుంబం వాడు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద ఎండిన కోడి రెట్ట గోటితో గీకి చూశాడు.

"ఇది మనుషులు తొక్కిందా, కోళ్ళు తొక్కాయా అమ్మా?"

"బాగవుద్దా, అవదా?"

"అవుద్ది. తొక్కేది ఎవరు?"

"నేనే."

ఆయన నవ్వలేదు. అది ఆయనకి మంచి మార్కు. రెండు టైర్లూ, ట్యూబులూ, బ్రేకు కట్టలూ మార్చాడు. చైను కిరోసిన్లో నానబెట్టి కడిగి నూనె రాశాడు. వెనక మడ్గార్డుకి ఎర్రటి మెరుపు స్టిక్కరు అంటించి, మంచులో నువ్వు కనపడకపోయినా ఇది కనపడుద్ది అన్నాడు. రెండు బ్రేకులూ కలిపి పట్టాలి, దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే పడితే తలకిందులవుతావు అన్నాడు. ఆఖర్న కొత్త బెల్లు బిగించి టింగుమనిపించాడు.

"ఎడం పక్కే ఉండమ్మా. ఈ సీజన్లో కార్లోళ్ళు రోడ్డు చూడరు. కొండల్ని చూస్తారు."

వరి కోసేసిన మా మడిలో నేర్చుకున్నాను. మోళ్ళ మీద పడితే అరచేతులు గీసుకుపోయేవి. తొమ్మిది రోజులు పట్టింది. జీపు మానినప్పటి నుంచీ అరకుకి నడిచే వెళ్ళాను, చీకటితో లేచి. జీపువాడి మాట రెండు వారాలు నిజం చేశాను. గట్టు మీద కూర్చుని చూసినవాళ్ళు ఎవరెవరో, ఎవరేమన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఒకామె మాత్రం, "మొగుడు పోయినాక సైకిలు మీద షికారేటి?" అంది. ఆమె ఇంట్లో పెళ్ళికి పిలిస్తే నేను వెళ్ళలేదు. ఇకముందూ వెళ్ళను.

పదో రోజు మంగళవారం. ఏడింటికి బయల్దేరాను. రోడ్డు మీదకు రాగానే మంచు. పది అడుగుల అవతల ఏమీ లేదు. వేళ్ళు బ్రేకు మీద ఉన్నాయో లేదో చూసుకుంటే గాని తెలియలేదు. రెండో కిలోమీటరులో పెద్ద వంతెన ఉంది. అది దాటాక లోయ చదునుగా ఉంటుంది. అక్కడి నుంచి తొక్కడం కష్టం కాదు. కష్టం మనుషులతోటి. వలిసె పూలు పసుపుపచ్చగా పరుచుకున్న చోటల్లా కార్లు ఎక్కడివక్కడ ఆపేసి పూలలోకి దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒక తలుపు నా ముందే తెరుచుకుంది. రెండు బ్రేకులూ పట్టాను. తలుపు తెరిచినాయన, "చూసుకుని రావాలి కదమ్మా" అన్నాడు.

అరకు ఇంకా కిలోమీటరున్నర ఉందనగా కార్ల వరస మొదలైంది. ఒకదాని వెనక ఒకటి, బస్సులు, వ్యానులు, మోటారు సైకిళ్ళ గుంపులు. కదలడం లేదు. వాటి పక్కన మట్టి అంచు మీద ఒక్క సైకిలు పట్టేంత చోటు ఉంది. ఆ చోట్లో తొక్కుకుంటూ వెళ్ళాను. వరస మధ్యలో మా ఊరి జీపు ఆగి ఉంది. తమ్ముడు వరసవాడు తల బయటపెట్టాడు.

"అప్పా, ఓలప్పా. ఎక్కీ. సైకిలు పైన కట్టీత్తాను."

నేను తిరిగి చూడలేదు. లోపలి నుంచి ఎవరో ముసలామె, "కట్టేది సైకిల్ని కాదురా, నీ నోటిని" అంది. జీపంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు గాని ఆ మాట బాగుంది అనుకున్నాను. ఎనిమిదీ పదిహేనుకి ఆసుపత్రి గేటులో ఉన్నాను. ఫోను నా ముఖాన్ని చూసి పచ్చ గీత గీసింది.

బుధవారం పచ్చ గీత. గురువారం పచ్చ గీత. శుక్రవారం సంత.

సంత సంగతి నేను మరిచిపోలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. సైకిలు మీద కూర్చుని చూడలేదు, అంతే. పెద్ద వంతెన దగ్గర మూడు కొండదారులు వచ్చి రోడ్డులో కలుస్తాయి. శుక్రవారం పొద్దున్న ఆ మూడు దారుల్లోంచీ జనం దిగుతారు. అల్లం, పసుపు, రాజ్మా గింజలు, చీపుళ్ళు, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు. ఆడవాళ్ళ తలల మీద తట్టలు, మగవాళ్ళ భుజాల మీద కావళ్ళు. కొండదారిలో ఎలా నడుస్తారో తారు రోడ్డు మీదా అలాగే నడుస్తారు, ఒకరి వెనక ఒకరు, ఎడం అంచున. కుడి పక్కన టూరిస్టు కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి.

మా దారుల్లో ఒక పద్ధతి ఉంది. కొండదారి ఒక మనిషి పట్టేంతే ఉంటుంది. బరువు మోసేవాళ్ళు వస్తుంటే ఉత్త చేతులతో ఉన్నవాళ్ళు కొండవైపు ఎక్కి నిలబడి దారి ఇవ్వాలి. బరువు మీదున్న మనిషిని నిలబెట్టకూడదు, పక్కకి జరగమనకూడదు. ఆ బరువుతో ఒకసారి ఆగితే మళ్ళీ అడుగు పడటం ఎంత కష్టమో మోసినవాళ్ళకి తెలుసు. చిన్నప్పుడు మా అమ్మ తల మీద అల్లం తట్టతో వెళుతుంటే వెనక నుంచి ఒక లారీవాడు హారన్ కొట్టి కొట్టి ఆమెను పక్క కాలువలోకి దింపేశాడు. అల్లం బురదలో పడింది. ఆ లారీ వెనక ఏం బొమ్మ వేసి ఉందో నేను చెప్పగలను.

కాబట్టి బెల్లు కొట్టలేకపోయాను. బొటనవేలు బెల్లు మీదే ఉంది. ముందు కావడి మోస్తున్నాయన మడమలు కనిపిస్తున్నాయి, పగుళ్ళతో. ఆయన్ను జరగమని బెల్లు కొట్టడం నా వల్ల కాలేదు. దిగాను. సైకిలు తోసుకుంటూ ఆయన వెనక నడిచాను. పక్క దారిలోంచి ఇంకో వరస కలుస్తుంటే, ఉత్త చేతులదాన్ని కాబట్టి, సైకిలు పక్కకి లాగి నిలబడి వాళ్ళను పోనిచ్చాను. అలా ఒకటి కాదు, మూడు వరసలు.

మూడో వరస చివర మా పెద్ద వదిన ఉంది. మా ఆయన అక్క. పై ఊళ్ళో ఉంటుంది. తల మీద తట్ట, మెడ ఒక పక్కకి వంగి ఉంది. మా ఆయన్ను తీసుకెళ్ళిన రోజున వాకిట్లో పదిమందిలో నిలబడి, "దీని కళ్ళల్లో తడి నేదు, సూడండి" అన్నది ఈమే. అప్పటి నుంచీ మాకు మాటల్లేవు. ఆమెకీ పక్కకి జరిగి దారి ఇచ్చాను. ఆమె నన్ను చూసింది, సైకిల్ని చూసింది, వెళ్ళిపోయింది.

తొమ్మిదికి పది నిమిషాలప్పుడు ఆసుపత్రి చేరాను. ఎర్ర గీత. రెండో మెమో. జరిగింది చెప్పాను. సూపరింటెండెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సైకిలుకి బెల్లు లేదా?"

"ఉందండి."

"మరి?"

"బరువు మోసేవాళ్ళకి కొట్టకూడదండి."

"ఇదే మెమోకి జవాబుగా రాసిస్తావా?" అన్నాడు. రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి, ఫైల్లో పెట్టాడు. అలా రాసినందుకు ఇప్పటికీ నాకు సిగ్గు లేదు.

ఆ వారమంతా తేలిగ్గానే గడిచింది. శుక్రవారం గురించి ఆలోచించాను. ముందే బయల్దేరితే సరిపోతుందనుకుంటారు ఎవరైనా. సంతకి వచ్చేవాళ్ళు నాకంటే ముందే బయల్దేరతారు. ఏ వేళకి వెళ్ళినా వంతెన దగ్గర వరస ఉంటుంది. చీకటితో లేచి నడిచి వెళ్ళవచ్చు. ఇక నడవను. జీపెక్కవచ్చు. ఎక్కను. ఉద్యోగం పోతే పోయిందని కూడా అనుకుని చూశాను. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. కాని గురువారం మా అమ్మాయి ఫోన్ చేసి, పరీక్ష ఫీజు కట్టమంటున్నారని కాదు, ఊరికే, "రేపు సంత కదా అమ్మా, ఎలా వెళ్తావు?" అని అడిగింది. వెళ్తానని చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టింది.

శుక్రవారం ఆరూ ముప్పావుకి బయల్దేరాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి వరస ఉంది. దిగాను. ఆ వరస చివర మా వదిన. తట్ట నిండా రాజ్మా గింజలు, పైన గుడ్డ కప్పి కట్టి ఉంది. ఆమె వెనక నేను. కొంత దూరం నడిచాక ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది. తల మీద తట్టతో తిరగడం కుదరదు కూడా.

"బెల్లు కొట్టవేటి?"

"కొట్టను."

"ఉజ్జోగం పోద్దంట గదా. జీపోడు సెప్పినాడు."

"పోతే పోద్ది."

"పోతే గుంట సదువో?"

గుంట అంటే మా అమ్మాయి. సైకిలు తోస్తూనే ఉన్నాను. వదిన ఇంకో ఇరవై అడుగులు నడిచింది. ఆగింది. బరువు మీద ఉండి తనంతట తనే ఆగింది. ఆమె ముందున్నవాళ్ళు సాగిపోయారు.

"దింపీ."

"ఏటి?"

"ఈ తట్ట దింపీ. నీ సైకిలు మీద కట్టుకో. బరువుంటే నీకూ దారిత్తారు."

"నాకేటి అక్కర్లేదు."

"నీ కోసమని ఎవులు సెప్పినారే? నా మెడ నొప్పెడతంది. నెల్లాళ్ళయింది. ఓలే, పట్టుకోయే, పడిపోతాది."

పట్టుకున్నాను. అంత బరువుంటుందని అనుకోలేదు. ఇద్దరం కలిసి వెనక క్యారియరు మీద పెట్టి ఆమె తలకు చుట్టుకున్న గుడ్డతో బిగించి కట్టాం. కడుతున్నప్పుడు, ఇన్ని నెలలుగా నోట్లో పెట్టుకున్న మాట అన్నాను.

"ఆ రోజు నువ్వన్న మాట నేను మరిసిపోలేదు."

"మరిసిపోమన్నానేటి?" అంది ముడి లాగుతూ. "అన్నాను. నాకు సెప్పుకోడానికి ఇంకెవులున్నారు, అన్నాను." గుడ్డ కొసను పళ్ళతో పట్టి ఇంకో ముడి వేసింది. "సంతలో అడ్డాకులోళ్ళ పక్కన దింపీ. నా సోటు నీకు తెల్సు. తొమ్మిదికి ముందే దింపాల. సావుకార్లు తొమ్మిదికి కొనీసి లారీకెక్కించీసి ఎల్లిపోతారు. పక్కనున్నోళ్ళకి సెప్తే అమ్మిపెడతారు. నానెనక నడిసొత్తాను."

"దింపుతాను."

"తొమ్మిదికి ముందే."

"దింపుతానన్నాను గదా."

ఎక్కాను. బరువుకి సైకిలు ముందు చక్రం తేలిపోతున్నట్టు అనిపించింది. వరసను అందుకున్నాను. చివరి మనిషి నా చక్రం చప్పుడు విని కొంచెం తల తిప్పింది. క్యారియరు మీద తట్ట చూసింది.

"సక్రాల మీదెట్టిన బరువు బరువేటి?" అంది ఆమె ముందున్నామెతో.

"నీ మొగుడి నెత్తి మీదెడితేనే బరువేటి మరి?"

"ఎట్టుకున్నాది గదా, నిలబెట్టకండే. జరగండి," అంది ముందునుంచి ఇంకొకామె.

జరిగారు. ఒకరి తర్వాత ఒకరు, ఎవరి అడుగూ ఆగకుండా, మట్టి అంచు మీదకి కొంచెం కొంచెం ఒరిగారు. నా పక్కనుంచి తట్టలూ కావళ్ళూ వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఒకాయన, "బేగి పో, బేగి పో" అన్నాడు. నేను ఒక్కసారి కూడా బెల్లు ముట్టుకోలేదు. ఆరోజు నా వేళ్ళకి చలి తెలిసింది. అంత చల్లగా ఉందని అప్పుడే చూసుకున్నాను.

కార్ల వరస మాత్రం బరువూ గిరువూ చూడదు. అరకు ముందర చాలాసేపు పట్టింది. ఒక చోట దిగి తట్టను పట్టుకుని తోయాల్సి వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై ఆరు. సంత ఇంకో కిలోమీటరు ముందు, కూడలి దాటాక. శుక్రవారం ఆ కిలోమీటరు పోయి రావడానికి అరగంట తక్కువ పట్టదు. గేటు ముందు ఒక కాలు కింద పెట్టి ఆగాను. ఎంతసేపు ఆగానో చెప్పలేను. ఎక్కువసేపు కాదు.

లోపలికి తిప్పాను. ముఖం చూపించి వెంటనే వెళ్ళి తట్ట దింపి వద్దామనుకున్నాను. అలా అనుకునే తిప్పాను. పచ్చ గీత పడింది. వెనక్కి తిరిగేసరికి సూపరింటెండెంటు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "చూశావా, మనసు పెడితే మీరూ రాగలరు. కౌంటరు తియ్యమ్మా" అన్నాడు. కౌంటరు ముందు అప్పటికే యాభై మంది ఉన్నారు, సంతతో పాటు ఆసుపత్రి పని కూడా చూసుకుపోదామని వచ్చినవాళ్ళు. తట్ట విప్పి, ఈడ్చుకుంటూ తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టుకున్నాను.

పదిమందికి చీటీలు రాసి వెళ్దామనుకున్నాను. ఇంకో పదిమందికి రాసి వెళ్దామనుకున్నాను. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంటుంది. తొమ్మిది అవడం చూశాను. పది నిమిషాల పాటు వెళ్ళొస్తానని ఎవరినైనా అడిగి ఉండవచ్చు. ఆ గదిలో నేను మాట్లాడని మనుషులే ఎక్కువ. ఒక్కొక్కరితో ఒక్కో కారణం. అడగలేదు.

పదిన్నర దాటాక వరసలో మా వదిన కనిపించింది. గేటు దగ్గర కాపలావాడు, చీటీ కావాలంటే లైనులో నిలబడమన్నాడట. నిలబడింది. ఒక్కో మనిషీ తగ్గుతున్నప్పుడల్లా ఒక్కో అడుగు ముందుకు వచ్చింది. నేను రాస్తూనే ఉన్నాను. ఆమె వంతు వచ్చి, కిటికీ ముందు నిలబడి, నా కుర్చీ పక్కనున్న తట్ట వైపు చూసింది. కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది.

"దింపనేదు," అంది.

"టైము అయిపోయింది వదినా."

"పచ్చ గీత పడిందా?"

"పడింది."

తల ఊపింది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. తిట్టు ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు.

"సావుకార్లు ఎల్లిపోనారు," అంది. "అక్కడే తొమ్మిదిన్నర దాకా నిలబడ్డాను. దారిలో నీకేటైనా అయిందేమో అనుకున్నాను."

వెనక ఉన్నాయన, "బేగి కానీయమ్మా" అన్నాడు. ఏం చేయాలో తెలియక చీటీ పుస్తకం ముందుకు లాగాను. పేరు నాకు తెలుసు, రాశాను. ఊరు రాశాను. వయసు అడిగాను, తెలియదంది, నాకు తోచింది రాశాను. మెడనొప్పి, నెల రోజులుగా, అని రాశాను. డాక్టరు గది చూపించాను. వెళ్ళింది. పావుగంట తర్వాత మాత్రలతో తిరిగి వచ్చి తట్ట కోసం లోపలికి వచ్చింది. ఇద్దరం కలిసి ఎత్తి ఆమె తల మీద పెట్టాం. గుడ్డ చుట్ట సరిగ్గా కుదరలేదు. చెయ్యి పెట్టి సర్దాను.

"డాక్టరు బరువులు మోయొద్దన్నాడా?"

"అన్నాడు."

"పై వారం నేను తీసుకెళ్తాను. ముందు సంతకే వెళ్తాను."

తట్ట కింద నుంచి నన్ను చూసింది. మెడ తిప్పలేదు, కళ్ళు మాత్రమే తిప్పింది.

"వొద్దు," అంది. "నువ్వు మళ్ళీ ఈ గేటు కాడికొచ్చినావంటే ఇందులోకే తిరుగుతావు. నానైనా అలాగే తిరుగుదును, గుంట సదువుంది గదా. అందుకే వొద్దు."

వరండా దాటి, మెట్లు జాగ్రత్తగా దిగి, గేటులోంచి కొండవైపు తిరిగింది. వంతెన దాకా ఏడు కిలోమీటర్లు, పైన ఇంకో మూడు. అమ్ముడుపోని గింజలు.

మూడో మెమో నాకు రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. నన్ను ఎవరేమన్నారో అన్నీ గుర్తున్నదాన్ని కాబట్టి, నా గురించి ఆ పై ఊళ్ళో ఆమె ఎవరితో ఏం చెప్పి ఉంటుందో ఊహించగలను. ఎవరితోనూ ఏమీ చెప్పలేదని తర్వాత తెలిసింది. అదింకా కష్టంగా ఉంది.

ఆ రోజు మాత్రం, ఆమె వెళ్ళాక, కిటికీ ముందు ఒకాయన బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. బిడ్డ ఒళ్ళు కాలుతోందని అవతలి నుంచే చెబుతున్నాడు. కలం తీసుకున్నాను. పేరు అడిగాను.